చెరకుతోట యజమాని విన్న సువార్త



మనం టీలో వేసుకొనే పంచదార తీయనిదే. కాని ఒకప్పుడు కరీబియన్ దీవులలో ఆ తీపి వెనుక ఎంతో కన్నీరు ఉండేది.

అంటిగ్వా చిన్న దీవి. అక్కడి పొలాలలో ఎక్కువ భాగం చెరకే. ఆఫ్రికా నుండి ఓడలలో తెచ్చి అమ్మిన బానిసలు ఆ తోటలలో పనిచేసేవారు. నరికిన చెరకును వెంటనే గానుగ ఆడాలి, ఆలస్యమైతే రసం పులిసిపోతుందని మన రైతులకు తెలుసు. అందుచేత కోతల కాలంలో వారికి రాత్రియు పగలును విశ్రాంతి లేదు.

ఆ దీవిలో నతానియేలు గిల్బర్టు గారు ఒక తోట యజమాని. న్యాయశాస్త్రం చదివి, దీవి శాసనసభకు స్పీకరైనవారు. ఇంగ్లండులో ఉండగా, 1758 జనవరిలో వాండ్స్‌వర్తులోని తన ఇంట జాన్ వెస్లీ గారి ప్రసంగం విన్నారు. ఆయన హృదయం మారింది. అదే సంవత్సరం నవంబరులో ఆయన బానిసలలో ఇద్దరికి వెస్లీ గారు బాప్తిస్మమిచ్చారు.

తిరిగి వచ్చిన గిల్బర్టు గారు తన బానిసలను ఇంటిలోనికి పిలిచి వాక్యం చెప్పసాగారు. యజమాని, బానిస ఒకే గదిలో ప్రార్థించడం ఆ దినాలలో చిన్న సంగతి కాదు. ఆ విధంగా వెస్టిండీసులో మెతడిస్టు సంఘం మొలకెత్తింది. 1774లో ఆయన మరణించాక, మేరీ ఆలీ, సోఫియా కాంప్‌బెల్ అనే ఇద్దరు స్త్రీలు ఆ సంఘాన్ని చెదిరిపోకుండా కాపాడారు. 1778లో జాన్ బాక్‌స్టర్ అనే ఓడల వడ్రంగి వచ్చి వారికి తోడయ్యారు.

అయితే ఒక మాట దాచకూడదు. ప్రార్థన ముగిసి లేచిన వారు మరల బానిసలుగానే పొలానికి వెళ్లారు. ఆయన వారి ఆత్మల కొరకు ప్రయాసపడ్డారు గాని, తన తోటలో బానిసత్వాన్ని తీసివేయలేదు. ఆయన చనిపోయిన 1774లోనే వెస్లీ గారు బానిసత్వాన్ని ఖండిస్తూ ఒక పుస్తకం ప్రచురించారు.

విడుదలకు ఇంకా 60 సంవత్సరాలు పట్టింది. 1834 జూలై 31 రాత్రి అంటిగ్వా విశ్వాసులు మందిరాలలో చేరి, అర్ధరాత్రి గంట కొరకు మోకాళ్లపై కనిపెట్టారు. ఆగస్టు 1న స్వతంత్రులయ్యారు. బ్రిటిషు ప్రభుత్వం తన వలసలలోని యజమానులకు నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. చెమటోడ్చిన బానిసలకు ఏమియు ఇవ్వలేదు.

ప్రియులారా, గిల్బర్టు గారిని తీర్పు తీర్చుట సులభమే. మరి ఆదివారం మన ప్రక్కన కూర్చుండి పాట పాడిన కూలివాడు సోమవారం మన గుమ్మం ముందు ఎక్కడ నిలబడుతున్నాడు? అతని కూలి సకాలంలో అందుతున్నదా? ఒనేసిమును ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మని పౌలు ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక మన ఇంటికి కూడ వచ్చినదే. సువార్తకు మన ఇంటి తలుపు తెరిచాము; మన లెక్కల పుస్తకాన్ని కూడ తెరుద్దామా?