భోజనాల బల్ల దగ్గర సముద్ర పాఠాలు

అమెరికా పడమటి తీరాన శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో, అఖాతపు ఒడ్డునే సెయింట్ ఫ్రాన్సిస్ యాట్ క్లబ్బు ఉంది. దీనిని 1927లో స్థాపించారు. యాట్ అంటే సరుకులకూ చేపలవేటకూ కాక, విహారానికీ పందేలకూ వాడే పడవ. ఈ క్లబ్బులో బుధవారాలు జరిగే మధ్యాహ్న భోజనాలు పేరుపొందినవి. సభ్యులు భోంచేస్తారు. తర్వాత ఆహ్వానం మీద వచ్చిన అతిథి సముద్రానికి సంబంధించిన ఏదో ఒక విషయం చెబుతాడు. పందెగాళ్ళు, పడవలకు రూపకల్పన చేసేవారు, సముద్రాన్ని పరిశోధించేవారు ఇలాంటి చోట మాట్లాడతారు. వినేవారు ప్రశ్నలు వేస్తారు.

ఒక బుధవారం మీరూ అక్కడ కూర్చున్నారనుకోండి. కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తే చాలు, మీకే మూడు ప్రశ్నలు తోస్తాయి.

ఇంత గాలి ఎక్కడిది?

వేసవి మధ్యాహ్నాలు ఆ అఖాతంలో గాలి 20 నాట్లకు పైగా వీయడం మామూలు. నాట్ అంటే గంటకు 1.852 కి.మీ. వేగం. ఈ గాలికి కారణం మీరు భూగోళ పాఠంలో చదివినదే. కాలిఫోర్నియా లోపలి లోయ వేసవిలో 38 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కాగుతుంది. అక్కడి గాలి తేలికై పైకి లేస్తుంది. పక్కనున్న పసిఫిక్ మహాసముద్రపు నీరు మాత్రం వేసవిలోనూ చల్లగానే ఉంటుంది. దానిమీది గాలి చల్లగా, బరువుగా ఉండి లోపలికి రావాలని చూస్తుంది. కాని మధ్యలో కొండల వరుస అడ్డం. ఆ వరుసలో సముద్ర మట్టాన ఉన్న పెద్ద సందు ఒకటే. అదే గోల్డెన్ గేట్ జలసంధి. దాని వెడల్పు ఇరుకైన చోట 1.6 కి.మీ. మాత్రమే. గదిలో అన్ని కిటికీలూ మూసి ఒక్క తలుపు తెరిస్తే గాలి ఎలా తోసుకొస్తుందో, ఇక్కడా అంతే. మన విశాఖపట్నంలో, కాకినాడలో మధ్యాహ్నం వీచే సముద్రపు గాలికి ఇది అన్నగారన్నమాట!

ఎదురుగాలిలో పడవ ఎలా పోతుంది?

గాలి వెనుకనుంచి తోస్తే పడవ ముందుకు పోవడంలో వింతేమీ లేదు. మరి గాలి వస్తున్న వైపుకే పోవాలంటే?

స్నానానికి వెళ్ళినప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. అరిగిపోయి అంచు పలుచబడిన తడి సబ్బు ముక్కను బొటనవ్రేలికీ చూపుడు వ్రేలికీ మధ్య నొక్కండి. అది చటుక్కున జారి ముందుకు దూకుతుంది. మీరు తోసింది రెండు పక్కలనుంచి, అది పోయింది ముందుకు! పడవలో ఒక వ్రేలు గాలి, రెండో వ్రేలు నీరు. ఏటవాలుగా కట్టిన తెరచాప గాలిని పక్కకు మళ్ళిస్తుంది. అప్పుడు పడవమీద పడే బలంలో ఎక్కువ పాలు పక్కకు, కొంత పాలు ముందుకు ఉంటుంది. పడవ అడుగున నీళ్ళలోకి దిగిన పలక ఒకటి ఉంటుంది. అది పక్కకు జరగనీయదు. ఇక మిగిలింది ముందుకు పోవడమే.

అయితే సరిగ్గా గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా పోలేదు. గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో కొంతదూరం కుడికి, కొంతదూరం ఎడమకు వంకరటింకరగా పోయి గమ్యం చేరాలి.

గాలికంటే వేగమా?

ఎండాకాలంలో ఆకు కదలని రోజున సైకిలు తొక్కితే మీ ముఖానికి గాలి తగులుతుంది గదా! ఆ గాలిని మీ వేగమే పుట్టించింది. పడవకూ అంతే. పక్కనుంచి 20 నాట్ల గాలి వీస్తోంది, పడవ 20 నాట్ల వేగంతో పోతోంది అనుకోండి. పడవలోని మనిషికి తగిలే గాలి పైథాగరస్ సూత్రం ప్రకారం సుమారు 28 నాట్లు. అది పక్కనుంచి కాక ఏటవాలుగా ముందునుంచి వస్తుంది. తెరచాపకు అందేది ఈ గాలే. నీటి ఘర్షణను తగ్గించగలిగితే పడవ ఇంకా వేగం పుంజుకుంటుంది. శక్తి శూన్యంలోంచి పుట్టలేదు సుమా! పడవ దాటిపోయిన చోట గాలి ఆ మేరకు నెమ్మదిస్తుంది.

2013లో ఈ అఖాతంలోనే అమెరికా కప్ పందెం జరిగింది. ఈ పందెం చరిత్ర 1851లో మొదలైంది. 2013 నాటి పడవలు 22 మీటర్ల పొడవైన జంట పడవలు. వీటిని కాటమరాన్లు అంటారు. ఆ పేరు మన దక్షిణదేశపు మాటే. దుంగలు కట్టి చేసే తెప్పకు తమిళంలో కట్టుమరం అని పేరు. ఈ పడవల అడుగున విమానపు రెక్కలవంటి పలకలుంటాయి. నీటి సాంద్రత గాలికంటే సుమారు 800 రెట్లు ఎక్కువ. అందుచేత చిన్న రెక్క చాలు, దాదాపు 6 టన్నుల పడవను నీళ్ళపైకి ఎత్తేస్తుంది. ఘర్షణ తగ్గి వేగం 40 నాట్లు, అంటే గంటకు 74 కి.మీ. దాటిపోయింది. అది గాలి వేగానికి రెట్టింపు!

వేగానికి మూల్యం

ఈ కథలో విషాదం కూడా ఉంది. 2013 మే 9న అభ్యాసం చేస్తూండగా ఒక పడవ ముక్కు నీళ్ళలో గుచ్చుకొని బోల్తాపడి విరిగింది. ఆండ్రూ సింప్సన్ అనే బ్రిటిష్ నావికుడు శిథిలాల కింద చిక్కుకొని మరణించాడు. 2008 ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం పొందిన మేటి ఆయన. వయస్సు 36 ఏళ్ళే.

ఆ తర్వాత నిర్వాహకులు భద్రతా నియమాలను కఠినం చేశారు. 33 నాట్ల గాలి వరకూ పందెం జరపవచ్చునన్న హద్దును ఫైనల్లో, ఆటుపోట్ల ప్రవాహాన్ని బట్టి కొద్ది మార్పులతో, 23 నాట్లకు తగ్గించారు. సెప్టెంబరులో గాలి హద్దు మీరిన రోజుల్లో, వేలమంది ప్రేక్షకులు ఎదురుచూస్తున్నా, పందెం ఆపేశారు. ఎంత గాలిలో పోగలమో చెప్పడం ఒక లెక్క. ఎంత గాలిలో పోరాదో ముందే నిర్ణయించి ఆ మాటకు కట్టుబడడం మరో లెక్క. విజ్ఞానానికి రెండూ కావాలి. ప్రమాదాలను దాచిపెట్టక నలుగురిలో చర్చించుకుంటేనే రెండోది అలవడుతుంది.

మనమూ చేయవచ్చు

మనవారూ ఈ విద్యలో తక్కువవారు కారు. భారత నావికాదళానికి చెందిన ఆరుగురు మహిళలు తారిణి అనే తెరచాప పడవలో భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న గోవా చేరారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు.

మీ బడిలో నెలకొక శనివారం మధ్యాహ్న భోజనం తర్వాత ఒక అతిథిని పిలవండి. తీరప్రాంతపు బడి అయితే వేటకు వెళ్ళే పెద్దాయనను, ఓడరేవులో పనిచేసే అన్నయ్యను పిలవవచ్చు. సముద్రానికి దూరమా? చెరువులో తెప్ప నడిపేవారు ఉండరా? ఒకటే షరతు: ఒక్కొక్కరూ ఒక ప్రశ్న ముందే రాసుకొని రావాలి. "ఏ గుర్తు చూసి మీరు వేటకు వెళ్ళడం మానుకుంటారు?" అన్నది మంచి మొదటి ప్రశ్న.

ఆలోగా ఈ లెక్క చేయండి. గాలి పక్కనుంచి 9 నాట్లు. పడవ వేగం 12 నాట్లు. పడవలోని మనిషికి ఎన్ని నాట్ల గాలి తగులుతుంది? (జవాబు: 15 నాట్లు.)