బువ్వతో పాటు మాట

"వీనికి వాళ్ల నాయిన బుద్ధే వచ్చింది టీచరమ్మా, సదువు అబ్బదు." రెండేళ్లు కూడా నిండని పిల్లాడి గురించి నానమ్మలు ఈ మాట అంటుంటారు. పాలమూరు పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌గా తరచూ వింటున్నా, ఇది నాకు ఏనాడూ మింగుడుపడలేదు. రక్తంలో వచ్చేది ఏమీ లేదని అనను. కానీ ఆ వయసు పిల్లాడి మీద తీర్పు చెప్పేంత బలం దానికి లేదు. ఎందుకు లేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు పసిబిడ్డ చెవి సంగతి చూద్దాం. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని పిల్లలకు హిందీలోని 'త', 'ట' శబ్దాలు వినిపించారు. ఆ ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ రెండింటి తేడా తెలియడం చాలా కష్టం. 6 నుంచి 8 నెలల పిల్లల్లో ఎక్కువమంది మాత్రం ఇట్టే పట్టుకున్నారు. 10, 12 నెలలు వచ్చేసరికి ఆ నేర్పు దాదాపుగా పోయింది. మన పిల్లలకు అది పోదు. 'తాత' అనీ 'టాటా' అనీ రోజూ వింటారు కదా! అంటే ఆ శక్తి పుట్టుకతోనే వస్తుంది, నిలిచేదీ పోయేదీ చుట్టూ వినిపించే మాటను బట్టి ఉంటుంది.

మెదడులో జరిగేదీ ఇలాంటిదే. నరాల కణాల మధ్య కలయికలు మొదట్లో అవసరానికి మించి పుడతాయి. షికాగోలో పీటర్ హట్టెన్‌లాకర్ అనే వైద్యుడు, చనిపోయినవారి మెదడు నుంచి తీసిన పలచని ముక్కల్లో వాటిని లెక్కపెట్టాడు. చూపుకు సంబంధించిన భాగంలో అవి 8వ నెల ప్రాంతంలోనే బాగా ఒత్తుగా ఉన్నాయి. ఆలోచనకూ నిగ్రహానికీ చోటైన నుదుటి వెనుక భాగంలో ఆలస్యంగా ఒత్తయి, యుక్తవయసు దాకా తగ్గుతూ వచ్చాయి. గుంపుగా మొలిచిన జొన్నను రైతు పలచన చేసినట్టు, వాడకంలో ఉన్నవి నిలిచి, లేనివి పోతాయి.

అయితే బిడ్డకు మాట వినిపించడమంటే ఫోను చేతికివ్వడం కాదు. 2003లో సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం 9 నెలల అమెరికా పిల్లలకు చైనా వాళ్ల మాండరిన్ వినిపించింది. కొందరికి మనిషే ఎదురుగా కూర్చుని పుస్తకం చూపిస్తూ, బొమ్మలాడిస్తూ మాట్లాడారు. మరికొందరికి అదే టీవీలో చూపించారు. మొత్తం 12 సార్లు. ఎదురుగా మనిషి ఉన్న పిల్లలు మాండరిన్ శబ్దాల తేడా నేర్చుకున్నారు, టీవీ చూసినవాళ్లకు ఏమీ రాలేదు. వలసపోయిన అమ్మానాన్నలు పూణె నుంచి వీడియో కాల్‌లో పలకరిస్తే సంగతి వేరు. అక్కడ బిడ్డ కేకకు బదులు వస్తుంది. బువ్వ తినిపించడానికి పెట్టే పాటల వీడియో బదులు పలకదు.

ఒక్క మాటతోనే మెదడు ఎదగదు, తిండి కావాలి. నరాల చుట్టూ ఏర్పడే కొవ్వు పొర వల్ల సంకేతాలు వేగంగా పోతాయి, ఆ పొరకు ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. 5 ఏళ్ల లోపువారిలో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆశా కార్యకర్త ఐరన్ సిరప్ ఇస్తే, దొడ్డికి నల్లగా పోతోందని తల్లులు మానేస్తారు. అలా పోవడం మామూలేనని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

తిండీ మాటా రెండూ ఎంతెంత పనిచేస్తాయో నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది జమైకా. 1986-87లో కింగ్‌స్టన్ పేదవాడల్లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం, ఎత్తు పెరగని 129 మంది పిల్లల్ని తీసుకుంది. వాళ్ల వయసు 9 నుంచి 24 నెలలు. వాళ్లను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు వారానికి కిలో పాల మిశ్రమం అందింది. రెండో గుంపు ఇళ్లకు వారానికి గంటసేపు ఆరోగ్య కార్యకర్త వెళ్లి, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని బిడ్డను ఆడించింది. మూడో గుంపుకు రెండూ అందాయి. నాలుగో గుంపుకు ఈ రెండూ లేవు. ఆటబొమ్మలు కొన్నవి కావు, పారేసే వస్తువులతో చేసినవి. రెండేళ్లు ఇలా సాగింది. అప్పటికి తిండీ మేలు చేసింది, ఆటా మేలు చేసింది, రెండూ అందినవాళ్లు అందరికంటే ముందున్నారు. ఏళ్లు గడిచాక తిండి వల్ల వచ్చిన తేడా చెరిగిపోయింది. ఆటామాటా వల్ల వచ్చింది మిగిలింది. ఆ పిల్లలు 22 ఏళ్లవాళ్లయ్యాక చూస్తే, ఆట అందినవాళ్ల సంపాదన అందనివాళ్లకంటే 25 శాతం ఎక్కువ. ఆ ఇళ్లకు వెళ్లినవాళ్లు డాక్టర్లు కారు, నాలాంటి కార్యకర్తలే. అందుకే ఈ కథ ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ధైర్యం వస్తుంది.

కోపమూ వస్తుంది. మూడేళ్ల లోపు పిల్లల్ని ఎలా ఆడించాలో చెప్పే 'నవచేతన' అనే మార్గదర్శికను కేంద్ర ప్రభుత్వం 2024లో తెచ్చింది. మంచిదే. కానీ ఆ వయసు పిల్లలు సెంటర్‌కు రారు, ఇంట్లోనే ఉంటారు. వంట చూసుకుని, రిజిస్టర్లు రాసి, ఫోనులో వివరాలు ఎక్కించాక వాళ్ల ఇళ్లకు వెళ్లే గంట నాకు మిగలాలి కదా. నెలాఖరుకు ఎవరైనా బరువెంత, ఎత్తెంత అనే అడుగుతారు. ఈ నెల పిల్లాడు కొత్తగా ఏం మాట అన్నాడని అడిగినవాళ్లు లేరు.

మరి రక్తం మాటేమిటి? 2010లో నాలుగు దేశాలకు చెందిన 11 వేల కవల జంటల వివరాలు కలిపి చూశారు. తెలివిలో పిల్లలకూ పిల్లలకూ మధ్య ఉన్న తేడాల్లో వారసత్వం వాటా 9 ఏళ్లకు 41 శాతం, 12కు 55, 17కు 66. ఒక పిల్లాడి బుర్రలో తండ్రి పాలు ఎంత అని చెప్పే లెక్క కాదిది, మనుషుల మధ్య తేడాల లెక్క. వయసుతో పాటు ఆ వాటా ఎందుకు పెరుగుతుంది? పెరిగేకొద్దీ పిల్లలు తమకు నచ్చిన స్నేహాలు, పుస్తకాలు, ఆటలు తామే వెతుక్కుంటారు, అందువల్లేనని పరిశోధకులు అంటారు. పేదరికంలో ఈ లెక్క కూడా తలకిందులు కావచ్చు. అమెరికాలో ఎరిక్ టర్క్‌హైమర్ 2003లో 7 ఏళ్ల కవలలను పరిశీలిస్తే, పేద ఇళ్లలో వారసత్వం వాటా దాదాపు సున్నా. ఏడాదిన్నర పిల్లకు ఎంచుకునే వీలే లేదు. మనం పెట్టింది తింటుంది, మనం అన్నది వింటుంది. "మీ రక్తం పెద్దయినంక మాట్లాడుతది, ఇప్పుడు నువ్వు మాట్లాడవ్వా" అంటాను నేను.

మూడేళ్ల లోపు పిల్లల తల్లులు నా దగ్గరికి తప్పక వచ్చేది బాలామృతం పిండి ప్యాకెట్లు ఇచ్చే రోజున. అందుకే ఆ రోజు ప్యాకెట్ చేతికివ్వకముందే బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టించి ఒక ఆట చూపిస్తాను. మూత గట్టిగా బిగించిన సీసాలో చింతగింజలు గలగలలాడించడం, గిన్నె కింద ఉల్లిగడ్డ దాచి వెతికించడం, వాడు "బ్బ" అంటే మనమూ "బ్బ" అని ఆగి వాడి వంతు ఇవ్వడం. కూలి పోతుందని కొందరు నిలబడరు. వాళ్ల నానమ్మల్ని ఆపుతున్నాను.