కరివేప చెట్టుకు పురుగు పట్టినచో

కన్నడిగులు కరిబేవు అన్నను, తమిళులు కరివేప్పిలై అన్నను, మన పోపునకు అదే ప్రాణము. లేత ఆకుపై పిట్టరెట్ట వంటిది కనబడినచో పరీక్షగా చూడవలెను. అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి కావచ్చును. పెరిగి పచ్చబడును. కదిపినచో తలవెనుక ఎర్రని కొమ్ములు చాచి ఘాటు వాసన వదలును. కుట్టదు, పిల్లలే ఏరవచ్చును. పెరటిలో నిమ్మ ఉన్నచో అదియు చూడుడు.

చిగుళ్ళు ముడుచుకొని, తెల్లని మైనపు పోగులు, జిగట కనబడినచో సిల్లా అను రసము పీల్చు పురుగులు చేరినవన్నమాట. ఆ చిగుళ్ళు కత్తిరించివేయవలెను. బజారు పురుగుమందు మాత్రము వలదు. మనము తినునది ఆకునే గదా! కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. వేపగింజల పప్పు 50 గ్రాములు దంచి, లీటరు నీట రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు కలిపి సాయంకాలము చల్లుడు. కోసిన ఆకు బాగుగా కడిగి వాడుడు.