కన్సోల్ షోకేస్ చూస్తున్నారా? ట్రైలర్ కన్నా ముందు చిన్న అక్షరాలు చదవండి!

సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో.. వీళ్ల షోకేస్‌లు మన టైమ్ చూసి పెట్టేవి కావు. పీఎస్5 గేమ్స్‌ని మొదటిసారి చూపించిన 2020 జూన్ ఈవెంట్ మనకు అర్ధరాత్రి దాటాక 1:30కి మొదలైంది. అయినా చూస్తాం. గోరంట్లలో ఉన్నా హిందూపురంలో ఉన్నా, గేమర్‌కి అది బెనిఫిట్ షో లాంటిది. కాకపోతే సినిమాకి పోయేది వందల్లో, కన్సోల్‌కి పోయేది యాభై వేలు. వాన ముఖం చాటేసిన ఏడాది, శనక్కాయ వేసిన ఇంట్లో అంత డబ్బు అడగాలంటే నోరు రాదు. కాబట్టి ఆ గంట వీడియోలో ఏది నమ్మాలో, ఏది పక్కన పెట్టాలో తెలిసుండాలి.

ఇదివరకు లాస్ ఏంజిలిస్‌లో ఈ3 అని ఒక పెద్ద జాతర జరిగేది. 1995లో మొదలైంది. కంపెనీలన్నీ ఒకే వారంలో స్టేజ్ ఎక్కేవి కాబట్టి, పక్కోడు ఏం చెప్తాడో అని ఒకరికొకరు భయం. ఆ మొదటి ఏడాదే సెగా తన సాటర్న్ 399 డాలర్లు అంది. సోనీ ఆయన స్టేజ్ మీదికొచ్చి ప్లేస్టేషన్ ధర 299 అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయాడు. 2013లోనూ అదే కథ. ఎక్స్‌బాక్స్ వన్ 499 అంటే, అదే రోజు సాయంత్రం పీఎస్4 399 అన్నారు. పాత డిస్కుల మీద పెట్టిన షరతులను కూడా మైక్రోసాఫ్ట్ పది రోజుల్లోపే వెనక్కి తీసుకుంది. పోటీ ఎదురుగా ఉంటే లాభపడేది కొనేవాడే.

నింటెండో 2011లో డైరెక్ట్ పేరుతో రికార్డు చేసిన వీడియోలు మొదలుపెట్టింది. మెల్లగా అందరూ ఆ దారే పట్టారు. 2023 డిసెంబర్‌లో ఈ3ని శాశ్వతంగా మూసేశారు. నిజం చెప్పాలంటే చూడ్డానికి డైరెక్టే హాయి. చప్పట్ల కోసం ఆగరు, సోది తక్కువ, గేమ్ వెంట గేమ్. కానీ ఎడిట్ చేసిన వీడియోలో ఇబ్బంది పెట్టే ప్రశ్నకి చోటుండదు. 2025 ఏప్రిల్ 2న స్విచ్ 2 డైరెక్ట్ దాదాపు గంటసేపు నడిచింది. అందులో కన్సోల్ ధర మాత్రం లేదు. 449.99 డాలర్లని తర్వాత వెబ్‌సైట్‌లో పెట్టారు.

ఇక ట్రైలర్లు. 2005 ఈ3లో చూపించిన కిల్‌జోన్ 2 వీడియో చూసి జనం నోరెళ్లబెట్టారు. అది గేమ్ కాదు, ముందే రెండర్ చేసి పెట్టిన యానిమేషన్. అసలు గేమ్ 2009లో వచ్చింది. ఇప్పుడు కంపెనీలు కొంచెం జాగ్రత్తపడి స్క్రీన్ అంచున ఒక లైన్ వేస్తున్నాయి. 'ఇన్-ఇంజిన్' అని ఉంటే గేమ్ సాఫ్ట్‌వేర్‌తోనే తయారు చేశారని అర్థం, ఎవరో ఆడుతున్నారని కాదు. పీసీలో రికార్డు చేశామని ఉంటే, మీ కన్సోల్‌లో అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. హెల్త్ బార్, మ్యాప్, బుల్లెట్ల లెక్క కనిపిస్తూ, కెమెరా ప్లేయర్ వెనకాలే తిరుగుతుంటే కాస్త నమ్మొచ్చు. ఉత్త పేరు మాత్రమే చూపిస్తే ఇంకా చాలా టైముంది. ఎల్డర్ స్క్రోల్స్ 6ని కొండలు, పేరు వేసి 2018లో చూపించారు, ఏడేళ్లు దాటినా గేమ్ లేదు.

నా లెక్కలో అన్నిటికన్నా నిజాయితీగా పనికొచ్చిన షో, అందరూ నవ్విన షోనే. 2020 జూలైలో హేలో ఇన్ఫినిట్‌ని ఆడి చూపించారు. గ్రాఫిక్స్ మీద ఎన్ని మీమ్స్ వచ్చాయో! కన్సోల్‌తో పాటు రావాల్సిన గేమ్‌ని ఏడాదికి పైగా వాయిదా వేసి, 2021 డిసెంబర్‌లో మెరుగ్గా తెచ్చారు. అదే సినిమాటిక్ ట్రైలర్ వేసుంటే మనకేం తెలిసేది?

షోలో అస్సలు వినపడనిది మన దేశం పేరు. పీఎస్5 బయట 2020 నవంబర్‌లో వస్తే, ఇక్కడ 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, డిస్క్ మోడల్ 49,990 రూపాయలు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ మాత్రం ప్రపంచంతో పాటే నవంబర్ 10న ఇక్కడా దిగాయి. 2024 సెప్టెంబర్‌లో మార్క్ సెర్నీ పీఎస్5 ప్రో గురించి చక్కగా వివరించారు. తీరా చూస్తే ఇండియా లిస్టులోనే లేదు. అందులోని వైఫై 7 వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి అప్పటికి ఇక్కడ అనుమతి లేకపోవడమే కారణమని సోనీ తర్వాత చెప్పింది. పైగా దానికి డిస్క్ డ్రైవ్ విడిగా కొనాలి. రోజుకు 1.5 జీబీ రీచార్జ్ మీద 100 జీబీ గేమ్ దించాలంటే రెండు నెలలు దాటుతుంది మరి!

నింటెండో అయితే స్విచ్‌ని ఇక్కడ అధికారికంగా అమ్మనే లేదు. మా వైపు వాళ్లు బెంగళూరు నేషనల్ మార్కెట్‌కి పోయి ఇంపోర్ట్ పీస్ తెచ్చుకోవాల్సిందే. కొనే ముందు వారంటీ ఎవరు ఇస్తారో అడగండి, షాపు బిల్లు దాచుకోండి. విచిత్రం ఏంటంటే, 2020 ఆగస్టు 18న అదే నింటెండో ఇండీ వరల్డ్ షోకేస్‌లో పూణే స్టూడియో నాడింగ్ హెడ్స్ చేసిన 'రాజీ' గేమ్‌ని చూపించి, ఆ రోజే స్విచ్‌లో రిలీజ్ చేశారు. మన దగ్గర ఎక్కువ మంది ఆడే పీసీ, పీఎస్4లకు అది అక్టోబర్‌లో వచ్చింది.