ముద్దేనహళ్ళి ఆలోచన, కుర్లా కారు

సంస్థానాధీశుల రోల్స్‌రాయిస్ కార్ల చరిత్రను రాసినవారు చాలామంది ఉన్నారు, వాటి ప్రతి బోల్టునూ లెక్కగట్టి భద్రపరిచిన సంగ్రహాలూ ఉన్నాయి. మధ్యతరగతి కుటుంబం ఏళ్ళ తరబడి వంతు కోసం వేచి కొనుక్కున్న ప్రీమియర్ పద్మినికి అటువంటి ఆదరణ దక్కలేదు. అది ఎల్లప్పుడూ కళ్ళ ముందే ఉన్నందువల్ల దానిని ప్రత్యేకంగా చూడవలసిన అవసరం ఎవరికీ తోచలేదు, చూడవలసిన అవసరం తోచేనాటికి అది వీధుల్లోంచి దాదాపు తొలగిపోయింది. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతంలో ఇటువంటి ముసలి కార్లను వెతికి, గుర్తించి, పద్ధతిగా ఫోటో తీసి నమోదు చేయడానికి మరెక్కడా లేని ఒక కారణం కూడా ఉంది: పద్మినిని తయారుచేసిన కర్మాగారానికి మూలమైన ఆలోచన చిక్కబళ్ళాపురం జిల్లా బిడ్డదే.

చిక్కబళ్ళాపురం చేరువలో, నంది కొండల పక్కన ఉన్న ముద్దేనహళ్ళిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మించాడు. ఆయనది తెలుగు కుటుంబం, పూర్వీకులు ఆంధ్ర ప్రాంతంలోని మోక్షగుండం నుంచి మైసూరు సీమకు తరలివచ్చినవారు. కృష్ణరాజసాగర నిర్మాణానికీ, హైదరాబాదు వరద నివారణ పథకానికీ ఆయన పేరును జోడించి చెప్పుకొనేవారిలో కూడా, భారతదేశంలో మోటారు కార్ల పరిశ్రమ నెలకొల్పాలని ఆయన పడిన తపన ఎరిగినవారు తక్కువ. మైసూరు దివాను పదవి నుంచి తప్పుకొన్న చాలా ఏళ్ళకు, 1935లో ఆయన ఐరోపా, అమెరికా దేశాలలో పర్యటించి అక్కడి కార్ల కర్మాగారాలను పరిశీలించాడు, మరుసటి ఏడాది ఒక సమగ్ర ప్రణాళికను సిద్ధం చేశాడు. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ ఆ ప్రణాళికను చేపట్టి అమెరికాలోని క్రైస్లర్ సంస్థతో ఒప్పందానికి వచ్చాడు. మైసూరు సంస్థానం మొదట సహకరించడానికి ముందుకొచ్చినా, యుద్ధకాలంలో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో వెనుకకు తగ్గవలసి వచ్చింది. అదే వాల్‌చంద్, అదే సంస్థానం కలిసి 1940లో బెంగళూరులో విమానాల కర్మాగారాన్ని నెలకొల్పగలిగారు, కార్ల కర్మాగారం మాత్రం ఈ నేలకు దక్కలేదు. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ ఏర్పడి బొంబాయిలోని కుర్లాలో స్థిరపడింది. విశ్వేశ్వరయ్య 1962లో కన్నుమూశాడు, ఆ తరువాత రెండేళ్ళకు, 1964లో, పద్మినికి ముందు రూపమైన ఫియట్ 1100 డిలైట్ కుర్లా నుంచి వెలువడింది. ఆయన సమాధి ముద్దేనహళ్ళిలోనే ఉంది, ఆయన ఇల్లు ప్రదర్శనశాలగా మారింది. ఆ ఊరి దారిలో ఒక పద్మిని నిలిచి కనిపిస్తే, దానిని ఆ చరిత్రలో ఒక భాగంగానే చూడడం న్యాయం.

యంత్రంగా ఈ కారు ఇటలీలో 1953లో రూపుదిద్దుకున్న ఫియట్ 1100 వంశానికి చెందినది. అంతకు ముందటి కార్లలో చాలావాటికి లారీకి ఉన్నట్టు అడుగున ఉక్కు దూలాల చట్రం ఒకటి ఉండేది, దానిపై శరీరాన్ని విడిగా బిగించేవారు. ఈ నమూనాలో అటువంటి విడి చట్రం లేదు. నేల రేకు, తలుపుల కింది గట్లు, స్తంభాలు, పైకప్పు అన్నీ వెల్డింగుతో ఒకే పెట్టెగా కలిసి బరువును పంచుకొంటాయి, దీనిని మోనోకాక్ నిర్మాణం అంటారు. రేకు పలుచనిదైనా పెట్టె ఆకారం వల్ల గట్టిదనం వస్తుంది, అందువల్ల కారు తేలికై తక్కువ శక్తితో కదులుతుంది. పద్మిని ఇంజను నాలుగు సిలిండర్లది. ఇంజనులో పిస్టన్లు కదిలే గదుల మొత్తం పరిమాణం 1089 ఘన సెంటీమీటర్లు, దాని శక్తి సుమారు 40 హార్స్‌పవర్. పెట్రోలును గాలిలో సన్నని తుంపరగా కలిపే పని కార్బ్యురేటర్ చేస్తుంది. చల్లని ఉదయాన పెట్రోలు సరిగా ఆవిరి కాదు కనుక, చోక్ మీటను లాగి గాలిని తగ్గించి మిశ్రమాన్ని చిక్కబరిస్తే తప్ప ఇంజను అందుకోదు. గేరు మీట నేల మీద కాక స్టీరింగు పక్కన ఉండేది, కనుక ముందు సీటు అడ్డంకి లేని బల్లలా ఉండి డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చోగలిగేవారు. పిల్లాపాపలతో బయలుదేరే ఉమ్మడి కుటుంబానికి ఆ ఒక్క ఏర్పాటు ఎంత ఉపకరించిందో ఆనాటివారికి తెలుసు.

పేర్ల మార్పును గమనించడం గుర్తింపులో మొదటి మెట్టు. 1970ల ఆరంభంలో ఇటలీ సంస్థతో పేరు సంబంధం తెగిపోగా, 1972లో కారు ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి పద్మిని అయింది. అయినా జనం నోట అది చివరిదాకా ఫియట్ కారుగానే నిలిచింది, ఈనాటికీ వయసు మళ్ళిన మెకానిక్‌ను పద్మిని గురించి కాక ఫియట్ గురించి అడిగితేనే త్వరగా జవాబు దొరుకుతుంది. ముందు బిళ్ళపై ఫియట్ అని ఉంటే అది తొలి తరానిది, ప్రీమియర్ చిహ్నం ఉంటే తరువాతిది. అయితే బిళ్ళలు ఊడిపోతాయి, మారిపోతాయి, కాబట్టి వాటిని మాత్రమే నమ్మకూడదు. ముందు తలుపు కీళ్ళను చూడడం మరింత నిలకడైన ఆధారం. 1960ల నాటి కార్లలో ఆ కీళ్ళు తలుపుకు వెనుక అంచున ఉండి తలుపు గాలికి ఎదురుగా తెరుచుకొనేది. నడుస్తున్న కారులో గడియ వదులైతే గాలి తలుపును విసురుగా తెరిచే ప్రమాదం ఉన్నందున తరువాత కీళ్ళను ముందు అంచుకు మార్చారు. చివరి కాలపు కొన్ని కార్లలో గేరు మీట నేల మీదికి దిగింది, మెరిసే క్రోమియం పూత స్థానంలో నల్లని ప్లాస్టిక్ వచ్చింది.

1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో పద్మిని పతనం మొదలైంది. 796 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజనుతో, తేలికైన శరీరంతో, తక్కువ పెట్రోలుతో నడిచే ఆ జపాను నమూనా ముందు 1950ల నాటి రూపకల్పన నిలవలేకపోయింది, 2000 సంవత్సర ప్రాంతంలో పద్మిని ఉత్పత్తి ఆగిపోయింది. ముంబయిలో చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో నమోదై, అక్కడి 20 ఏళ్ళ పరిమితి ముగియగానే 2023 అక్టోబరు చివర రోడ్డు దిగింది. విడిభాగాల వ్యాపారాన్ని దశాబ్దాలపాటు నిలబెట్టింది ఆ టాక్సీలే కనుక, వాటితోపాటు వందల మైళ్ళ దూరంలోని సొంత కార్ల ఆయువు కూడా తరిగిపోయింది.

మారుతి 800 సైతం 2014లో ముగిసిపోయి ఇప్పుడు అదే బాట పట్టింది. వయసును బట్టి చూస్తే సామాన్యమైన కారుకు అత్యంత ప్రమాదకరమైన కాలం పదిహేను ఏళ్ళకూ యాభై ఏళ్ళకూ మధ్య ఉంటుంది. సొంత వాహనపు తొలి రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్ళు, ఆ తరువాత ఐదేళ్ళకొకసారి తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు పునరుద్ధరణ రుసుమును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. మరోవైపు, 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, తొలి రూపం పెద్దగా మారని వాహనాలకే వింటేజ్ హోదా, వీఏ అక్షరాలతో ప్రత్యేక సంఖ్య లభిస్తాయి. 1974 నాటి పద్మిని ఆ గౌరవానికి 2024లో అర్హత పొందగా, 1995 నాటిది 2045 వరకు ఆగాలి. ఈ నడుమ కాలంలో దాని విలువ గుజరీ అంగడిలో ఇనుము తూకంగానే లెక్కకు వస్తుంది, రక్షణ అన్నింటికన్నా అవసరమైన వయసులోనే చట్టం దానిని వదిలేసిందనక తప్పదు.

ప్రకృతి మాత్రం ఈ ప్రాంతంలో కొంత కనికరం చూపుతుంది. ఇనుము తుప్పు పట్టడానికి తేమ, ఆక్సిజన్ రెండూ కావాలి, సముద్రపు గాలిలోని ఉప్పు ఆ చర్యను వేగిరపరుస్తుంది. జీవనది లేని, వానలు తక్కువైన చిక్కబళ్ళాపురం జిల్లాలో తీరప్రాంతంలో కన్నా రేకు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇది మోనోకాక్ కారుకు ప్రాణసమానం, ఎందుకంటే తలుపుల కింది గట్టు తుప్పు తింటే పోయేది అందం ఒక్కటే కాదు, మొత్తం పెట్టె బలం. అయితే ఎండ మరో విధంగా దెబ్బతీస్తుంది: అతినీలలోహిత కిరణాలు రంగును వెలిసేటట్టు చేస్తాయి, అద్దాల చుట్టూ ఉన్న రబ్బరును పగలగొడతాయి. ఇటీవల పెట్రోలులో 20 శాతం దాకా చేరిన ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను దెబ్బతీయగలదు, నీటిని పీల్చుకొనే గుణం వల్ల కార్బ్యురేటర్ లోహ భాగాలను తుప్పు పట్టించగలదు. ఏళ్ళ తరబడి కదలకుండా నిలిపిన కారుకు ఈ చేటు మరింత ఎక్కువ.

ఇటువంటి కార్లు జాతీయ రహదారి 44పై పరుగెత్తుతూ కనిపించే అవకాశం తక్కువ, అవి ఎక్కువగా రహదారికి లోపలి వైపు పాత వీధుల్లో, షెడ్ల వెనుక, తోటల ఇళ్ళ పంచల్లో ఆగి ఉంటాయి. నంబరు పలకను చదవడం వల్ల వాటి ప్రయాణం కొంత తెలుస్తుంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి మూడూ 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడక ముందు కోలారు జిల్లాలోవి. కోలారు సంకేతం కేఏ–07, చిక్కబళ్ళాపురానిది కేఏ–40, చింతామణిది కేఏ–67. సరిహద్దును ఆనుకొన్న బాగేపల్లిలో అనంతపురపు ఏపీ–02, చింతామణి వైపు చిత్తూరు ఏపీ–03 పలకలూ ఎదురుకావడం సహజం. మైసూరు రాష్ట్రాన్ని సూచించే ఎంవై అక్షరాలతో మొదలయ్యే పలక దొరికితే, అది కేఏ వరుస రాకముందు నమోదైన కారని నిశ్చయించవచ్చు.

ఫోటో తీయడంలో అన్నిటికన్నా ముఖ్యమైనది దూరం. చిత్రంలో వస్తువుల నిష్పత్తులను నిర్ణయించేది కెమెరాకూ వస్తువుకూ మధ్య ఉన్న దూరమే. సుమారు నాలుగు మీటర్ల పొడవున్న పద్మినిని ముందు వైపు నుంచి రెండు మీటర్ల దూరంలో నిలిచి తీస్తే వెనుక భాగం ఆరు మీటర్ల దూరాన పడి, ముందు భాగం మూడింతలు పెద్దదిగా ఉబ్బి కనిపిస్తుంది. పది మీటర్ల దూరానికి వెళ్ళి తీస్తే ఆ తేడా 1.4 రెట్లకు తగ్గి, రూపకర్త గీసిన ఆకారం యథాతథంగా నిలుస్తుంది. కెమెరాను నడుము ఎత్తుకు దించితే పైకప్పు మితిమీరి కనిపించదు. అద్దంపై సుమారు 56 డిగ్రీల కోణంలో పడి పరావర్తనం చెందిన కాంతి ఒకే తలంలో కంపిస్తుంది, దీనినే ధ్రువణం అంటారు. ఆ తలాన్ని అడ్డగించే పోలరైజర్ ఫిల్టరును తిప్పితే ముందు అద్దంపై మెరుపు తొలగి లోపలి స్టీరింగు, గేరు మీట కనిపిస్తాయి. లోహపు మెరుపు ఆ విధంగా ధ్రువణం చెందదు కనుక క్రోమియం బంపరుపై ఫిల్టరు పని చేయదు, దానికి మబ్బు పట్టిన వేళో ఉదయపు మెత్తని వెలుగో కావాలి.

రికార్డుగా నిలవాలంటే ఒక అందమైన చిత్రం చాలదు. నిండు పక్కచూపు, ముందు వెనుకలు, తలుపు కీళ్ళు, వెనుక దీపాలు, మీటర్ల పలక, బొనెట్ కింద ఇంజను గదిలోని తయారీ పలక, ఊరి టింకరింగ్ చేతిపనితో వేసిన అతుకులు కూడా నమోదు కావాలి. ఇక్కడి మెకానిక్ మరో కారు నుంచి తెచ్చి అమర్చిన భాగాన్ని లోపంగా దాచకూడదు, విడిభాగాలు దొరకని కాలంలో ఆ కారు బతికిన తీరుకు అదే సాక్ష్యం. ఇదంతా యజమాని అనుమతితోనే జరగాలి, చిత్రాన్ని నలుగురిలో పెట్టేటప్పుడు నంబరును మరుగుపరచాలి. మొదట ఎక్కడ కొన్నారు, ఎన్నాళ్ళు వేచారు, ఏ ఊళ్ళో రంగు వేయించారు, ఏ ఏడాది నుంచి కదలడం మానింది అన్న వివరాలను తేదీతో సహా చిత్రం పక్కనే రాసి ఉంచాలి. ఇంజను సంఖ్య పలకపై మిగిలి ఉన్నా, ఈ సంగతులు చాలావరకు ఒకరిద్దరు పెద్దల జ్ఞాపకంలో తప్ప మరెక్కడా లేవు.