గిడుగు రామమూర్తి పంతులుగారి లక్ష్యాన్వేషణము

లక్ష్యమును జూచి లక్షణము చెప్పవలెనని వైయాకరణులమందఱము నంగీకరింతుము. కాని యా లక్ష్యము గ్రంథములయందే యున్నదని తలచి కూర్చుండుట మన వాడుక. దానికై కొండలెక్కిన పండితుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వీరు 1863వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీని శ్రీముఖలింగమునకు సమీపమునగల పర్వతాలపేటలో జన్మించిరి. 1940 జనవరి 22వ తేదీని స్వర్గస్థులైరి. పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి, తీరికవేళల ముఖలింగాలయమునందలి శాసనముల ప్రాచీనలిపిని స్వయంకృషిచే నేర్చి చదివిరి. పిమ్మట కొండలలోని సవరల భాష నభ్యసింపబూని, తెలుగెఱిగిన సవర నొకని యింట నుంచుకొని నేర్చిరి. వారి పల్లెలకు దామే పోయి వినిరి. ఆ సంచారమున మన్యజ్వరము సోకగా క్వినైను మందు సేవించిరి. దానివలన వినికిడి చెడెను. మాటను జెవితో బట్టుటయే వ్రతముగా గల పండితునకు జెవులే మూల్యమైనవి. అయినను విడువక 1931లో సవరభాషావ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి.

సవర ముండాశాఖకు జెందిన భాష. తెలుగునకు గాని సంస్కృతమునకు గాని జ్ఞాతి కాదు. అందు ధాతువు నడుమ నకారము చేరి నామవాచక మేర్పడుట గలదు. రుధాదిగణమున ‘శ్నమ్’ ధాతువు నడుమ జొచ్చి ‘రుణద్ధి’ యను రూపమేర్పడుట మనమెఱిగినదే. అది వికరణము, ఇది నామసాధకము. ప్రయోజనము వేఱు, ప్రవేశరీతి యొక్కటే. మఱియు నవయవాదుల పేళ్లు క్రియలోనే యిమిడిపోవుటయు సవరలో గలదు. నాటికి దనకు లిపియే లేని భాషయం దింత నియమము గన్నవారికి, నియమము లేఖినివలన గాక వాగ్వ్యవహారమువలన బుట్టునని వేఱుగ జెప్పవలెనా?

వీరి వ్యావహారికవాదమునకు బీజమిదియేయని నా తలపు. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు దాని నెదిర్చెను; వాడుకభాషకు నియమము లేదనుట ప్రతిపక్షుల ప్రధానాక్షేపము. నేనును గ్రాంథికముననే వ్రాయుచున్నాను. ఆ రీతిని విడువను. కాని యా యాక్షేపమును మాత్రము నిలుపజాలను.

మా టేకుమట్లనుండి తూర్పుగా గోదావరివైపు పోవగా గోయలుండు నడవులు గలవు. వారి నుడి గోండికి జేరువైన ద్రావిడభాష. బడికి వచ్చిన కోయబాలుని మాటను దప్పని దిద్దుటకు ముందు, అది యే నియమమున వచ్చెనో వినుట పండితునకు విధి. పంతులుగా రందులకై చెవులనే యొసగిరి. మన కవి యింకను నున్నవి.