గ్రంథకర్త చేతిపై పచ్చబొట్టు

మా గ్రంథాలయానికి తరచు వచ్చే ఒక నవలారచయిత కొన్ని నెలల క్రిందట ఒక ప్రశ్న అడిగినారు. ఆయన వ్రాసిన మూడు నవలల్లోనూ ఒక పాత దిగుడుబావి వస్తుంది. ఆ బావి బొమ్మను, దాని క్రింద తన తొలి నవలలోని చివరి వాక్యాన్ని ముంజేతిపై పచ్చబొట్టుగా పొడిపించుకోవాలని ఆయన కోరిక. "రాత నాది, చేయి నాది. ఇందులో మరొకరికి నష్టమేమి?" అన్నారు. యాభై దాటిన మనిషి, నమాజు తప్పనివారు. వేళాకోళానికి అడిగిన మాట కాదు కనుక సమాధానం తీరికగా చెప్పవలసి ఉన్నది.

అరబ్బీలో పచ్చబొట్టును 'వష్మ్' అంటారు. సూదితో చర్మాన్ని పొడిచి, ఆ గాట్లలో దీపపు మసిని గాని నీలిని గాని రుద్దేవారు. మన పల్లెల్లో ఎరుకల స్త్రీలు చేసినదీ ఇంచుమించు ఇదే పని. ఇస్లాంకు పూర్వపు అరబ్బు కవులకు ఇది బాగా పరిచితమైన దృశ్యం. ముఅల్లఖాతు కవులలో ఒకడైన తరఫా, ప్రియురాలి తెగవారు గుడారాలు ఎత్తివేసిన చోట మిగిలిన ఆనవాళ్ళను అరచేతి వెనుక మిగిలిన పచ్చబొట్టుతో పోల్చినాడు. లబీద్ అవే ఆనవాళ్ళను ఒకసారి కలంతో మళ్ళీ దిద్దిన వ్రాతతోను, వెంటనే పచ్చబొట్లు పొడిచే స్త్రీ తిరిగి దిద్దిన గీతలతోను పోల్చినాడు. గ్రంథానికీ పచ్చబొట్టుకూ చుట్టరికమున్నదన్న ఊహ మన మిత్రునితో మొదలైనది కాదన్నమాట. ఈ లబీద్ ఆ తరువాత ఇస్లాం స్వీకరించినాడు.

ఇక ధర్మం మాట. బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోను ఇబ్నె ఉమర్, ఇబ్నె మస్ఊద్ (రజి) గార్ల ఉల్లేఖనాలున్నవి. పచ్చబొట్టు పొడిచేవారినీ, పొడిపించుకొనేవారినీ శపించిన హదీసులవి. అందం కొరకు అల్లాహ్ సృష్టిని మార్చడమే అందుకు కారణమని ఇబ్నె మస్ఊద్ గారి ఉల్లేఖనంలో వస్తుంది. దీనిని విన్న బనూ అసద్ తెగ స్త్రీ ఉమ్మె యాఖూబ్ నేరుగా ఆయన వద్దకే వెళ్ళి నిలదీసినది. తాను ఖురాన్‌ను ఆ అట్ట నుండి ఈ అట్ట వరకు చదివితిననీ, ఇది ఎక్కడా లేదనీ ఆమె వాదన. ప్రవక్త (స) ఇచ్చినది తీసుకోమని, వారించినది మానుకోమని చెప్పే 59వ సూరాలోని 7వ ఆయతును ఆయన గుర్తు చేసినారు. అంతటితో ఆమె ఊరుకోలేదు. మీ ఇల్లాలే ఇటువంటివి చేస్తుందేమో అన్నది. వెళ్ళి చూడమన్నారు. చూసివచ్చినది, ఏమీ కనబడలేదు. ప్రశ్నించినందుకు ఆమెను ఎవరూ గద్దించలేదన్న సంగతి, ఇటువంటి ప్రశ్నలు వచ్చినప్పుడు ముఖం చిట్లించే మనబోటివారు గమనించవలసినది.

హదీసులో స్త్రీల ప్రస్తావనే ఉన్నా, ఆనాడు ఆ పని ఎక్కువగా వారిది కావడమే అందుకు కారణమని, ఆదేశం పురుషులకూ వర్తిస్తుందని వ్యాఖ్యాతలు వివరించినారు. సున్నీ ధర్మశాస్త్రవేత్తలలో అత్యధికులు దీనిని నిషిద్ధమన్నారు. షియా విద్వాంసులలో పలువురు, హాని లేనంతవరకు, అంత కఠినంగా చూడరు.

"మరి గోరింటాకు?" అని మిత్రుడు అడిగినారు. గోరింటాకు పండేది పై పొరలోని మృతకణాలపైన. అవి రాలినకొద్దీ రెండు మూడు వారాల్లో రంగు పోతుంది. పచ్చబొట్టు సిరా దాని క్రింది పొరలో చేరుతుంది. శరీరం దానిని పరాయి వస్తువుగా గుర్తించి, మ్రింగివేయడానికి కణాలను పంపుతుంది. ఆ కణాలు దానిని మ్రింగుతాయి గాని అరిగించుకోలేవు. అవి చనిపోయినప్పుడు వెలువడిన సిరాను కొత్తగా వచ్చిన కణాలు మళ్ళీ పట్టుకొంటాయని 2018లో మార్సేయ్ పరిశోధకులు ఎలుకలపై జరిపిన పరీక్షలలో తేల్చినారు. పచ్చబొట్టు కదలక ఉండటం వెనుక ఇంత ఎడతెగని పని ఉన్నది. సిరా లోపల, నీరు పైన కనుక వుజూకు అది అడ్డు కాదు. ఈ విషయంలో అనవసరపు భయం చాలామందిలో ఉన్నది.

తన రచనను చర్మానికెక్కించాలనుకొన్న రచయితలు ఇతరత్రా లేకపోలేదు. 2003లో అమెరికన్ రచయిత్రి షెల్లీ జాక్సన్ 2,095 మాటల కథ ఒకటి వ్రాసి, అచ్చువేయకుండా, ఒక్కొక్క మాటను ఒక్కొక్కరు పచ్చబొట్టుగా పొడిపించుకోవాలని ఆహ్వానించినారు. ఆ మనుషులు గతించినకొద్దీ కథ నుండి మాటలు పోతాయి. ఆలోచన గొప్పదే. కాని పచ్చబొట్టులో ఒక మాట పోతుందే గాని, మెరుగుపడదు. ఇమామ్ షాఫయీ (హి.శ. 204, క్రీ.శ. 820లో మరణం) ఈజిప్టుకు వచ్చిన తరువాత తన పూర్వాభిప్రాయాలు పలు మార్చుకొన్నారు. అందుకే ఆయన మతంలో 'పాతమాట', 'కొత్తమాట' అని రెండు మాటలు నేటికీ వాడుకలో ఉన్నవి. 'రిసాలా'నే తిరిగి వ్రాసినారు. నేను ఈ మాట అంటుండగానే మిత్రుడు నవ్వి, తాను పొడిపించుకోదలచిన వాక్యాన్ని రెండవ ముద్రణలో తానే మార్చినట్లు ఒప్పుకొన్నారు. పైగా అందులో అల్లాహ్ నామమున్నది. ఉంగరమైతే మరుగుదొడ్డికి పోయేటప్పుడు తీసి పెట్టవచ్చు, ముంజేతిని తీసి పెట్టలేము.

లేవబోతూ, అసలు అడగదలచినది అప్పుడడిగినారు. ఆయన నూర్‌బాషా కుటుంబంలో పుట్టినవారు. చదువురాని తల్లికి ఏడెనిమిదేళ్ళ వయసులో ఒక ఎరుకల స్త్రీ చేతిపై పచ్చబొట్టు పొడిచినది. కడపటి గుస్ల్ వేళ అది చూసి బంధువొకరు అనరాని మాట అన్నారట. ఆ చేతిని తలచుకొనే తన చేతిపైనా పొడిపించుకోవాలనుకొన్నారు.

దీనికి సమాధానం మునుపటిదానికంటె సులువు. బాలికకు పొడిచినట్లయితే పాపం పొడిచినవారిదే గాని, బాధ్యత వయసు రాని ఆ బిడ్డది కాదని ఇమామ్ నవవీ స్పష్టంగా వ్రాసినారు. పెద్దయిన తరువాత కూడ, తీయిస్తే అవయవానికి చేటు కలిగేటట్లయితే తీయించనక్కరలేదన్నారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఇంట, ఆయన భార్య అస్మా బిన్తె ఉమైస్ (రజి) చేతిపై పచ్చబొట్టు చూసినట్లు ఖైస్ బిన్ అబీ హాజిమ్ చెప్పిన ఉల్లేఖనమున్నది. నిషేధానికి పూర్వం పొడిపించుకొన్నది మిగిలిపోయి ఉంటుందని తబరీ వివరణ. ఆ చేతి గుర్తును బట్టి ఆమెను ఎవరూ తక్కువ చేయలేదు.

అస్మా (రజి) పేరును కాగితంపై వ్రాసి ఇవ్వమన్నారు. వ్రాసి ఇచ్చినాను.